మా ముంగిట వర్షమాపకం

రిటైరయ్యాక అమెరికాలో, మేముండే నోవై ఊళ్ళో నాకు దొరికిన ఉద్యోగానికి జీతం లేదు. రోజూ ఉదయం ఇంటి ముందు గడ్డిలో నిలబెట్టిన వర్షమాపకం దగ్గరికి వెళ్ళి, ఆ లోహపు గొట్టంలో ఎంత వాన పడిందో, చలికాలమైతే ఎంత మంచు పడిందో కొలిచి వాతావరణ శాఖకు పంపడమే పని. ఈ దేశంలో ఇది పాత అలవాటు. ఉపగ్రహాలు రాకముందు రైతులు, పాస్టర్లు, పోస్టుమాస్టర్లు ఇలాగే కొలిచి రాసేవారు. వాళ్ళలో చాలామంది కాలేజీ మొహం చూసినవాళ్ళు కారు. ఇక్కడి విజ్ఞానంలో కొంత వాకిళ్ళలోనే పెరిగింది. ఆ వరుసలో చివరన నేనూ నిలబడ్డానని నాకు లోలోపల గర్వం. డైరీ రాయందే నిద్రపోని మనిషిని కనుక పని కూడా నాకు సరిగ్గా కుదిరింది.

నిరుడు దసరాకి ఆయుధపూజ చేస్తూ, కారుకీ గడ్డి కోసే మెషీన్‌కీ బొట్టు పెట్టిన మా ఆవిడ దీనికీ పసుపు రాసి, కుంకుమ అద్ది, బంతిపూల దండ వేసింది. రోజూ వాడే పనిముట్టే కదా, నాకూ న్యాయమే అనిపించింది.

వారం తిరగకముందే మా కమ్యూనిటీ సంఘం అధ్యక్షుడు తలుపు తట్టాడు. కరీంనగర్ వైపు సాఫ్ట్‌వేర్ కుర్రాడు.

"అంకుల్, మీ మీద కంప్లైంట్ వచ్చింది. ఫ్రంట్ యార్డ్‌లో ఎవరివో అస్థికలు పెట్టి పూజ చేస్తున్నరంట."

"ఎవరివి బాబూ? ఈయన నిక్షేపంగా ఉన్నారుగా!" అంది మా ఆవిడ.

అతను నవ్వాపుకున్నాడు. "నాకు తెలుసు ఆంటీ. కానీ రూల్ ప్రకారం ముందర ఏం పెట్టొద్దు. బ్యాక్‌యార్డ్‌లకు మార్చరాదుండ్రి అంకుల్?"

"వెనకంతా చెట్లే కదయ్యా. చెట్టు కింద కొలిస్తే లెక్క తప్పు."

"అయితే మీటింగ్‌కి రండి. ఓటింగ్ పెడ్త."

ఓడిపోతే గొట్టం పీకేయాలి. నా కొలతలు అక్కడితో ఆగిపోతాయి.

మీటింగ్‌కి గొట్టంలో ముంచి చూసే కొలబద్ద పట్టుకెళ్ళి, ఏం కొలుస్తానో, ఎందుకు కొలుస్తానో ఇంగ్లీషులో వివరించాను. ఫిర్యాదు చేసింది మా ఎదురింటి అమెరికన్ పెద్దావిడ అని అక్కడే తెలిసింది. ఆవిడ లేచి వచ్చి కొలబద్ద అడిగి తీసుకుంది. దానిమీది గీతల వెంట బొటనవేలు నడిపింది.

"మా నాన్న పోస్టుమాస్టర్," అంది. "పోస్టాఫీసు తలుపు తీయకముందే వెళ్ళి ఇది ముంచి చూసేవాడు. ఆయన గొట్టానికి పూలుండేవి కావు. అందుకే పోల్చుకోలేకపోయాను."

హాలంతా నవ్వింది. ఆవిడ మాత్రం నవ్వలేదు. అధ్యక్షుడి వైపు తిరిగి, ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నాననీ, వాతావరణ పరికరాలకు ఆ రూల్ వర్తించకూడదని తానే ప్రతిపాదిస్తున్నాననీ చెప్పింది.

"మరి పూలు?" అన్నాడతను.

"పూలతో సహా," అందావిడ.

ఓటుకి పెట్టగానే ముందు ఆవిడ చెయ్యి లేచింది. తర్వాత పక్క వరుస, దాని వెనక వరుస, గోడకి ఆనుకుని నిలబడ్డవాళ్ళు. నేను లేచి, ఒక్కో వరుసా వేలితో లెక్కపెట్టడం మొదలుపెట్టాను. మా ఆవిడ నా చొక్కా పట్టుకుని కిందికి లాగింది.

"ఎత్తనివాళ్ళు ఎవరైనా ఉంటే కదా లెక్క! గెలిచారు, ఇక కూర్చోండి."