కొట్టి చూడకుండా కొన్న సింబల్స్

మూడు వందల మంది చూస్తుండగా ఒక మనిషి పరువు ఎంత నిశ్శబ్దంగా పోగలదో మీకు తెలుసా? నాకు తెలుసు. ఆ మనిషిని నేనే. ఆ రోజు స్టేజీ రెండుగా చీలి నన్ను మింగేస్తే బాగుండుననుకున్నాను. చీలలేదు. మంచి ప్లైవుడ్డు.

అప్పట్లో నేను మాదాపూర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టర్ని. అంటే ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడం నా ఉద్యోగం. దేన్నీ పరీక్షించకుండా నమ్మకూడదని పదిమందికీ పాఠాలు చెప్పేవాణ్ణి. మీరు తర్వాత నన్ను తిట్టుకోవడానికి పనికొస్తుందని ఈ సంగతి ముందే చెబుతున్నాను.

ఆ ఏడు ఆఫీసు పాటల పోటీలో మా బృందం ముగ్గురం. గిటారు మా టీమ్ లీడ్ సుష్మ. డ్రమ్ములు నేను. పాట మల్లేశ్. అతను మా గేటు దగ్గర సెక్యూరిటీ గార్డు. భార్య చేసే జొన్నరొట్టెల మీద సొంతంగా ఒక పాట కట్టాడు. గొంతు వెన్నలాంటిదే కానీ, వెన్నలాగే మెత్తన. నాలుగడుగుల దూరం దాటి వినబడదు.

"సార్, మా ఇంటామె సెలవు వెట్టుకొని వస్తుంది. పాట మొత్తం ఆమెకు ఇనబడాలె, జర చూడున్రి," అన్నాడు మల్లేశ్.

"ఫికర్ చెయ్యకన్నా, నేనున్న గద!" అన్నాను.

ఆఫీసు డ్రమ్ముల సెట్టు బాగానే ఉంది కానీ, దాని పక్కన స్టాండ్లకు బిగించే సింబల్స్, అదే ఆ కంచు పళ్ళేలు, అంతకుముందు ఏడాది ఎవరో ఆవేశపరుడి చేతిలో పగిలిపోయాయి. కొత్తవి చవకలో చూసి కొనే బాధ్యత నేనే నా మీద వేసుకున్నాను. రెండు వారాలు వీడియోలు చూసి, క్యాంటీన్‌లో కనబడ్డవాళ్ళందరికీ కంచు, ఇత్తడి తేడాలు బోధించాను. ఉప్మా తింటున్నవాళ్ళు పళ్ళేలు తీసుకుని వేరే టేబుల్‌కి మారిపోయేవారు.

"నీకు నిజంగా తెలుసా? తెలియకపోతే చెప్పెయ్, ఎవరినైనా అడుగుదాం," అంది సుష్మ.

"దూరంకెల్లి చూసి చెప్త సుష్మా, ఏది మంచిదో ఏది కాదో!"

దుకాణాల్లో కొత్తవాటి ధర వినగానే దూరం నుంచే వెనక్కి తిరిగాను. చివరికి ఫోన్లో ఒక ప్రకటన దొరికింది. వాడిన సింబల్స్, చాలా చవక, తెల్లాపూర్. పోటీ రేపనగా సాయంత్రం వెళ్ళాను. పెద్ద గేటెడ్ కమ్యూనిటీలో పదిహేడో అంతస్తు. తలుపు తీసినావిడ పద్మావతిగారు. లెక్కల లెక్చరర్‌గా రిటైరై డ్రమ్ములు నేర్చుకున్నారట. సింబల్స్ తళతళలాడుతున్నాయి. ఒక్కోదానికి వందల చిన్న చిన్న రంధ్రాలు.

"ఒకసారి కొట్టి చూడండి," అని ఆవిడ కర్రలు అందించారు.

"అవసరం లేదు మేడం. చూస్తేనే తెలుస్తది."

"అది కాదండీ, ఈ రంధ్రాలున్నాయి చూశారూ..."

"ఎరుకే మేడం. గాలి ఆడనీకి. గాలి ఆడితే సౌండు దూరం పోతది."

ఆవిడ కళ్ళజోడు సర్దుకుని, తప్పు లెక్క చేసిన విద్యార్థిని చూసినట్టు చూశారు. "మీరుండేది అపార్ట్‌మెంటేనా?"

"అవును మేడం, మణికొండల."

"అయితే మీకివి సరిగ్గా సరిపోతాయండి. మూడేళ్ళు వాయించాను, కింద ఫ్లాటు వాళ్ళు ఒక్కసారి కూడా గొడవకు రాలేదు. ఇప్పుడు విల్లాలోకి మారుతున్నాం కాబట్టి పెద్దవి కొనుక్కున్నాను."

పాఠకులారా, ఇంతకన్నా విడమరచి చెప్పడం ఎవరి తరం? నేను మాత్రం "పక్కింటోళ్ళకు గూడ నచ్చిందంటే ఎంత మంచి సౌండో!" అనుకుని, మరికాస్త బేరమాడి, దండయాత్ర గెలిచిన రాజులా లిఫ్టెక్కాను.

మర్నాడు గేటు దగ్గర మల్లేశ్ నా సంచీ తెరిచి చూశాడు. "ఏంది సార్ గిది? బూంది జల్లెడలా?"

"నీకు తెల్వదన్నా, గిది లేటెస్టు."

సాయంత్రం పోటీ మొదలైంది. మాకంటే ముందు రెండు బృందాలు వాయించాయి. డ్రమ్ముల మోతకు కిటికీ అద్దాలు అదిరాయి. పాడేవాళ్ళ నోళ్ళు కదులుతున్నాయి తప్ప ఒక్క మాట అర్థం కాలేదు. మా వంతు వచ్చింది. మొదటి వరుసలో మల్లేశ్ భార్య లక్ష్మి కూర్చుంది. నేను కర్ర ఆకాశానికెత్తి, పెద్ద సింబల్ మీద నా బలమంతా పెట్టి కొట్టాను.

"చుస్."

అంతే. కాలిన పెనం మీద రెండు నీటి చుక్కలు చిలకరించినట్టు. ఆ రంధ్రాలు సౌండు దూరం పోవడానికి కాదు, పక్కింటిదాకా పోకుండా ఉండడానికని అప్పుడు వెలిగింది. ఇంకోసారి కొట్టాను. "చుస్." సుష్మ గిటారు ఆపకుండానే తల తిప్పింది.

"ఏమైంది? గట్టిగా కొట్టు!"

"గట్టిగనే కొడుతున్న!"

"కొనేముందు కొట్టి చూశావా?"

నేను తల వంచుకుని మరో దెబ్బ వేశాను. "చుస్."

"టెస్టరువి కదరా!" అంది సుష్మ. ఆ మాటకు నా చేతుల్లో మిగిలిన బలం కూడా పోయింది. డ్రమ్ముల్ని సైతం, నిద్రపోతున్న పిల్లి వీపు నిమిరినట్టు, భయంభయంగా తాకసాగాను. సరిగ్గా అప్పుడే మల్లేశ్ పాట అందుకున్నాడు.

హాలంతా సద్దుమణిగింది. పిండి కలిపే చేతుల మీద ఒక మాట, రొట్టె పొంగితే ఆమె నవ్విన నవ్వు మీద ఒక మాట, ఒక్కొక్కటీ చివరి వరుస దాకా వెళ్ళింది. లక్ష్మి కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. తర్వాత కళ్ళు తుడుచుకుంది. రెండో చరణానికి హాలు మొత్తం తాళం వేసింది. నా సింబల్స్ చెయ్యలేని పని మూడు వందల జతల చేతులు చేశాయి.

మొదటి బహుమతి మాదే! న్యాయనిర్ణేతగా వచ్చిన పెద్దాయన, సంగీతం మాస్టారు, మైకు పట్టుకుని, "అందరూ డ్రమ్ములు బాదుతారు. ఈ అబ్బాయి పాటకు దారిచ్చాడు. ఆ సంయమనం ఎక్కడ నేర్చుకున్నావు బాబూ?" అని అడిగారు.

"తెల్లాపూర్‌ల సార్," అన్నాను. అబద్ధం చెప్పలేదు.

మల్లేశ్ నన్ను అమాంతం ఎత్తుకున్నాడు. సుష్మ మాత్రం నా వైపు చూసి, నవ్వాపుకోలేక గిటారు వెనక్కి మొహం దాచుకుంది. నేను కప్పు పట్టుకుని ఫొటోలు దిగాను, సంయమనంగా.

ఓడిపోయిన బృందాల డ్రమ్మర్లిద్దరూ ఆ తెల్లాపూర్ గురువుగారెవరో చెప్పమని వెంటపడ్డారు. అడ్రసు ఇచ్చేశాను. వారం తర్వాత పద్మావతిగారు ఫోన్ చేశారు.

"మీ పేరు చెప్పి ఇద్దరొచ్చారండి, శిష్యులుగా చేర్చుకోమని. సరేనన్నాను. మీరూ వచ్చి చేరితే బాగుంటుందండి. నిజానికి అందరికన్నా ముందు మీరే చేరాలి."

చేరాను. అందుకే ఇప్పుడు కుడిచెయ్యి గుండెల మీద వేసుకుని, సమస్త డ్రమ్మర్ల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట కుక్కర్ మూత కొనాల్సి వచ్చినా సరే, దుకాణంలో నలుగురూ చెవులు మూసుకునేదాకా కొట్టి చూడకుండా కొనను గాక కొనను.