గంట అచ్చు మీద చెయ్యి

జ్ఞానమణి తొక్కిన మన్ను పచ్చిగా ఉన్నంతవరకు ఎవరికీ మైల లేదు. ఆరి అచ్చయిందంటే మాత్రం ఆమె నీడ దాని మీద పడగూడదు. బద్వేలు కంచరి శేషన్న ఇంట్లో పదహైదేండ్లుగా ఇదే న్యాయం.

బంకమన్నులో పేడ, వడ్ల ఊక కలిపి కాళ్లతో తొక్కడం ఆమె పని. కాల్చినప్పుడు ఊక మాడిపోయి మన్నులో సన్నటి దోవలు పడతాయి. కంచు పోసినప్పుడు లోపలి గాలి ఆ దోవల్లోంచి బయటికి పోవాల. పోలేదా, కంచులోనే బుడగలై నిలిచిపోతాది. అయినా శేషన్న అచ్చుల్లో బుడగలు పడుతూనే ఉండేవి. పడినప్పుడల్లా "నీ మన్నే పాడుది" అని ఆమెకే తిట్లు.

ఆమె ముప్పై నాలుగో ఏట వాళ్ల పల్లె ప్రార్థన గుడికి గంట కావాల్సొచ్చింది. ఇంటికొక కంచు గిన్నె చొప్పున ఇచ్చినారు. ఒక్కసారే పోత, గడ్డకట్టినాక మళ్లీ కరిగిస్తే కంచులోని తగరం మాడి గంట పలకదని శేషన్న ముందే చెప్పినాడు.

పోత పోసేనాడు పల్లెంతా శేషన్న వాకిట్లో నిలబడింది. మూడు దినాలు పిడకల సెగలో ఆరిన అచ్చు గుంతలో ఉంది. మామూలుగా ఈ వేళకు జ్ఞానమణిని బయటికి తరిమేవాళ్లు. ఆనాడు జనంలో ఆమెను ఎవరూ కనిపెట్టలేదు. అచ్చు నోటి దగ్గర బూడిద కనిపిస్తే వంగి చేత్తో తుడిచింది.

శేషన్న చూసినాడు. మైల పోవాలని పసుపునీళ్ల చెంబు తెచ్చి అచ్చు మీద చల్లినాడు. నీళ్లు నోట్లోకి జారినాయి.

జ్ఞానమణి ఆ తడినే చూసింది. పోతకు ముందు తన వెనకాల ఇన్నేండ్లూ ప్రతి అచ్చుకూ జరిగింది ఇదేనా? తడి మీద మండే కంచు పడితే ఆవిరి ఎగదన్నక ఏం చేస్తాది?

శేషన్న పట్టుకారుతో కంచు కరిగిన మూసను ఎత్తినాడు. ఎర్రటి వెలుగు అందరి మొహాల మీదా ఆడింది.

"పోయద్దు సామీ! లోపల తడి ఉండాది."

"నోరు ముయ్యే! కంచు చల్లారుతాంది."

ఆమె గుంతలోకి దిగి అచ్చు నోటి మీద చెయ్యి పెట్టింది.

"అమ్మీ, లెయ్యి! మనకు బతుకుదెరువు పోతాది," పల్లె పెద్ద గాబ్రియేలు బతిమాలినాడు.

"ఉన్న గిన్నెలన్నీ ఆ మూసలోనే ఉండాయి కదప్పా! అవి పోయినాక ఏం బతుకుదెరువు?"

"నీ చెయ్యి తగిలిందంటే మళ్లా నీళ్లు చల్లాల్సిందే," పళ్లు కొరికినాడు శేషన్న.

"చల్లు సామీ. మళ్లా ముట్టుకుంటా. పొద్దుగుంకేదాకా ఇద్దరం ఇదే చేద్దాం. కంచు ఎదురుచూస్తాదా?"

ఎవరో పక్కున నవ్వి నోరు మూసుకున్నారు. మూసలో కంచు అంచున నల్లటి పొర కడుతోంది. శేషన్న జనం వైపు చూసినాడు, అచ్చు వైపు చూసినాడు. చివరికి కంచు గడ్డకట్టకముందే మూసను తిరిగి కొలిమిలో పెట్టి, "అచ్చు పైకి తీయండి. పిడకలు పేర్చండి," అన్నాడు.

మధ్యాహ్నం దాటినాక, ఎవరూ నీళ్లు చల్లకుండానే, కంచు పోసినారు. చప్పుడు లేకుండా దిగింది.

మర్నాడు అచ్చు పగలగొడితే గంట నున్నగా వచ్చింది, వేలి గోరు పట్టేంత గుంత కూడా లేదు. సుత్తితో తట్టితే కడవాకిలి దాకా మోగింది. శేషన్న దాన్ని చేత్తో తడిమి చూసుకున్నాడు.

నెల దినాలు పనికి పిలుపు రాలేదు. జ్ఞానమణి అడివికి పోయి కట్టెలు మోసింది. ఐదో వారం శేషన్న భార్య రామసుబ్బమ్మ పల్లె మొదట్లో నిలబడి కేకేసింది: "మణీ, రేపు మన్ను తొక్కాల. మళ్లా బుడగలు పడతాండాయి."

"మన్ను కాదమ్మా తప్పు, చల్లే నీళ్లు," అంది జ్ఞానమణి, కట్టెల మోపు దించకుండానే. "అచ్చు దగ్గర నేను నిలబడే పనైతే వస్తా. లేకుంటే లేదు."

రామసుబ్బమ్మ వెనక్కి తిరిగి రెండడుగులు వేసి ఆగింది. తర్వాత, "పొద్దున్నే రా," అంది.