డ్రైవరు గారి రాణి వేషం

ఎక్కడో మంచు కురిసే దేశంలో సిటీ బస్సు నడిపే ఒకాయన, తాను రాణి వేషంలో ఎలా ఉంటాడో గీసి పంపమని నన్ను అడిగాడు. నవ్వకండి. ఆ రోజుల్లో నా బతుకుతెరువు అదే.

కంప్యూటర్‌లో ఆడే మాయదేశాల ఆటలు కొన్ని ఉంటాయి. ఆడేవాళ్ళు ఎవరికి వాళ్ళు ఒక పాత్రను కల్పించుకుంటారు. ఒకడు కత్తివీరుడు, ఒకడు మాంత్రికుడు, ఇంకొకడు పొడుగు చెవుల అడవిమనిషి. ఆ పాత్రతో నెలల తరబడి కాపురం చేశాక దాని మీద మమకారం పుట్టుకొస్తుంది. దానికొక మంచి బొమ్మ ఉంటే బాగుండుననిపిస్తుంది. అప్పుడు నాలాంటి వాళ్ళను ఇంటర్నెట్‌లో వెతుక్కుంటారు. నేను ఉండేది కర్నూలు జిల్లా పడమటి కొసన ఆలూరులో అని వాళ్ళకు తెలియదు. వాళ్ళు అడగలేదు, నేను చెప్పలేదు.

అంతకు ముందు కర్నూలులో గ్రాఫిక్స్ కోర్సు చేసి, అక్కడే ఒక ఫ్లెక్సీ షాపులో పనిచేశాను. లావెక్కిన నాయకుల జంట గడ్డాలను ఫోటోలో ఒంటి గడ్డాలు చేయడం, ఓణీల ఫంక్షన్ పిల్లల వెనక జలపాతాలు దూకించడం నా ఉద్యోగం. జలపాతాలంటే విరక్తి పుట్టాక ఇంటికి వచ్చేశాను. వచ్చేటప్పుడు పెన్ టాబ్లెట్ ఒకటి తెచ్చుకున్నాను. అదొక ప్లాస్టిక్ పలక. దాని మీద పెన్నుతో గీస్తే గీత కంప్యూటర్ తెర మీద పడుతుంది. దాన్ని చూసి మా అవ్వ బుగ్గన వేలు పెట్టుకుంది.

"అన్నేండ్లు చదివిపిస్తే మళ్ళ పలక కాడికే వస్తివా మే?"

అవ్వ అంటే మా నాయన తల్లి. ఆడపిల్లను 'మే' అని పిలవడం మా వైపు మాట. బజారులో మా ఇంటి ముందు గదిలోనే విత్తనాల అంగడి ఉండేది. దాని గద్దె మీద కూర్చునేది నాయన కాదు, అవ్వ. తాత చిన్న వయసులోనే పోయాడు. పోయిన నెలకే తాత తమ్ముడొచ్చి, "ఆడమనిషి అంగట్లో కూసుంటే నలుగురు నవ్వుతారు వదినా, తాళాలు ఇట్లియ్యి" అన్నాడట. అవ్వ ఆయనకు మజ్జిగ ఇచ్చి పంపింది, తాళాలు ఇవ్వలేదు. అప్పటినుంచి చుట్టుపక్కల రైతులందరికీ ఆమె శెట్టెమ్మ. వేరుశనగ కాయను చెవి దగ్గర ఆడించి చూసి ఇది మొలుస్తుంది, ఇది మొలవదు అని తేల్చేసేది. ఎదురు చెప్పే ధైర్యం కాయలకు కూడా ఉండేది కాదు.

ఇంత మనిషికి మా ఇంట్లో ఒక్క ఫోటో లేదు. పెళ్ళిళ్ళలో ఫోటో తీసేవాడు "ఇంటోళ్ళంతా రాండప్పా" అని కేకేయగానే అవ్వకు సామాన్ల గదిలో ఏదో పని గుర్తుకొచ్చేది. మా ఆల్బముల్లో దూరపు చుట్టాల పిల్లలున్నారు, ఎవరిదో తెలియని కుక్క ఉంది, అవ్వ లేదు. మొగుడు పోయిన ఆడమనిషి శుభకార్యంలో ముందుకు రాకూడదన్నది ఆమెకు ఎవరు నేర్పారో గానీ, బాగా నేర్పారు. నాకు మాత్రం అది ఒళ్ళు మండే విషయం. అవ్వ బొమ్మ ఒకటి గీసి ఇంట్లో పెట్టాలని నాకు పట్టుదల. అడిగినప్పుడల్లా ఒకటే జవాబు.

"నా మొగం గోడకెక్కిస్తే మంచికి వచ్చినోళ్ళు యాడ చూడాల మే? పో, పని చూస్కో."

సరిగ్గా అలాంటప్పుడు వచ్చింది డ్రైవరు గారి ఈమెయిలు ఉత్తరం. నెట్ సెంటరులో ప్రింటు తీయించి ఇంటికి తెచ్చుకున్నాను. ఆయన పాత్ర ఒక ముసలి రాణి. రాజు చనిపోయాడు, రాణి ఒక్కతే రాజ్యం ఏలుతోంది. ఆ రాజ్యంలో వాన పడదు. ఎటు చూసినా ముళ్ళచెట్లు, నల్లరాళ్ళు, ఎర్రటి దుమ్ము. రాణి పక్కన రెక్కలున్న ఒక భయంకరమైన జంతువు. ఇవన్నీ రాసి చివర్లో పాపం ఒక మాట చేర్చాడు: 'ఇలాంటి ప్రదేశాన్ని ఊహించుకోవడం మీకు కష్టమే, ఎలాగో ప్రయత్నించండి.'

నేను తలెత్తి కిటికీలోంచి చూశాను. తుమ్మచెట్టు, నల్లరాళ్ళు, దుమ్ము. నా నవ్వు విని అమ్మ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది.

అవ్వకు ఈ ఆటల సంగతి ఎలా చెప్పాలా అని నేను భయపడ్డాను. ఫ్లెక్సీ షాపు ఓనరుకే అర్థం కాలేదు మరి. అవ్వ మాత్రం అరనిమిషంలో పట్టేసింది.

"డ్రైవరు రాణి వేషం కడతాండాడు, అంతే గదా? మన ఊరి బయలాటలో మాత్రం ఆడవేషం ఎవురు కడతారు? మీసాలు గొరిగించుకోని మగోళ్ళే గదా కట్టేది!"

ఇక అదను చూసి అసలు మాట అడిగేశాను. ఆ రాణికి ముఖం కావాలి, నువ్వు కూర్చుంటావా అని. అవ్వ చాలాసేపు చేటలో గింజలు ఏరింది.

"ఆ దేశంలో నన్నెరిగినోళ్ళు ఎవురన్నా ఉండారా?"

"ఒక్కరూ లేరవ్వా."

"అయితే కూసుంటా. ఆడ నా మొగం ఎవురికీ అడ్డం రాదు."

నా పన్నాగం పారినందుకు గంతులేయాల్సింది. ఆ చివరి మాట వినగానే ఉత్తినే పలక తుడుస్తూ నిలబడ్డాను.

పొద్దున బేరాలు తగ్గాక, కరెంటు ఉన్నంతసేపు మా పని సాగేది. అవ్వ విత్తనాల మూటల నడుమ గద్దె మీద ఒక మోకాలు పైకి పెట్టుకుని కూర్చునేది. సింహాసనం మీద రాణులు అలా కూర్చోరని చెబితే, "నీ రాణికి మోకాలి నొప్పి లేదేమోలే, నాకుండాది" అంది. అలాగే గీశాను. కిరీటం చూపిస్తే వద్దంది. ఎండకు కాలి నెత్తి బొబ్బలెక్కుతుందట. దాని బదులు కొంగు తలమీదికి లాగించి, నడుముకు తాళంచెవుల గుత్తి దోపించింది. "తాళాలు లేని రాణి మాట ఎవురింటారు మే?" అంది. నేను తలవంచుకుని గీసుకుంటూ పోయాను. రాజ్యం నాదా ఏమన్నా?

పెద్ద పేచీ రెక్కల జంతువు దగ్గర వచ్చింది. మా దొడ్డిగోడ మీద తల ఊపే తొండను చూసి ఒళ్ళు గీశాను, పాత బడిలో వేలాడే గబ్బిలాలను చూసి రెక్కలు పెట్టాను. కళ్ళు మాత్రం కరెంటు బిల్లు చూసే మా నాయనవి. ఆ సంగతి ఆయనకు ఇప్పటికీ తెలియదు. జంతువు బలంగా, నిగనిగలాడుతూ కుదిరింది. అవ్వ తెర ముందుకొచ్చి దాన్ని పైనుంచి కిందిదాకా బేరం చేస్తున్నట్టు చూసింది.

"వాన పడదంటావు. ఇంతదాన్ని ఏం పెట్టి సాకుతాండాది ఆయమ్మ?"

"అది మాయజంతువవ్వా."

"మాయదైతే కడుపుండదా? నీళ్ళు యాడ తాగుతాది? చిక్కిపోయినట్టు గీయి. ఎముకలు కనపడాల."

పక్కటెముకలు లెక్కపెట్టేలా గీసి, సీడీలో వేసుకుని, బస్టాండు దగ్గర నెట్ సెంటరుకు పోయి పంపించాను. డ్రైవరు గారు మురిసిపోయారు. ఆకలితో ఉన్న రెక్కల జంతువును ఇంతవరకు ఏ చిత్రకారుడూ గీయలేదట. రాణి మోకాలు పైకి పెట్టి కూర్చోవడంలో ఏ క్షణమైనా యుద్ధానికి లేచేలా ఉందట. మైదుకూరులో మా పెద్దమ్మ ఇంటికి పోయే దారిలో చేలకు నిలువు బండలు పాతి కంచె కడతారు. రాజ్యం సరిహద్దుకు అవే పెట్టాను. ఆ రాతిగోడల ఊహ నాకెలా వచ్చిందని ఆయన అడిగాడు. ఆర్టీసీ బస్సు కిటికీలోంచి వచ్చిందని ఒక బస్సు డ్రైవరుకు చెప్పబుద్ధి కాలేదు.

ఒక్కటే ఫిర్యాదు. రాణి ముఖం మరీ చల్లగా ఉంది, శత్రువులు చూస్తే జడుసుకునేలా ఉండాలి అన్నాడు.

ఇదెక్కడి చిక్కు! అవ్వకు కోపం వస్తే అరవదు, కళ్ళద్దాలు తీస్తుంది. అంతే. అవి తీసి చూసిన చూపుకు మూటలు మోసే మగవాళ్ళు కూడా గుటకలు మింగుతారు. కానీ కావాలన్నప్పుడు ఆ కోపం తెప్పించడమెలా? ఎదురంగడాయన నీ గింజలో రాళ్ళున్నాయన్నాడని అబద్ధం చెప్పాను. "పాపం ఆయప్పకు కళ్ళు మసకలు" అని జాలిపడి, ఆయనకు టీ పంపింది. ఇంకేదో చేయబోయి, ఊసుపోక డ్రైవరు గారి రెండో ఉత్తరం చదివి వినిపించాను. అందులో రాణికి ఒక మంత్రి ఉన్నాడు. రాజు పోయాక, ఆడది రాజ్యమేలడమేమిటని రాణిని గద్దె దించడానికి కుట్ర పన్నుతున్నాడు.

అవ్వ కళ్ళద్దాలు తీసింది.

"ఎవుడా మంత్రి?"

నేను గబగబా గీశాను. ఆ దేశంలో ఎవడు మంత్రి వేషం కడుతున్నాడో గానీ, ఆ పూట వాడికి ఎక్కిళ్ళు వచ్చే ఉంటాయి. అవ్వ వాణ్ణి అన్న మాటలు నేను డ్రైవరు గారికి అనువాదం చేసి పంపలేదు. ముఖం ఒక్కటే పంపాను.

జవాబు కోసం నెట్ సెంటరుకు పోయిన రోజు నాకు బాగా గుర్తు. 'ఇదే నా రాణి, ఇంక ఏ మార్పూ వద్దు' అని రాశాడు. కుర్చీలోనే ఎగిరినంత పనిచేశాను. ఆ కింద ఇంకో వాక్యం ఉంది. 'నుదుటి మీద ఆ ఎర్రటి గుర్తు నేను అడగలేదు, కానీ గొప్పగా ఉంది. అది రాజముద్రా?'

బొమ్మ తెరిచి చూశాను. అది బొట్టు.

ఫ్లెక్సీ షాపులో ఆడమనిషి ముఖం ఎవరిదైనా సరే, చివర్లో బొట్టు పెట్టి గానీ ప్రింటుకు పంపేవాళ్ళం కాదు. ఫోటోలో బొట్టు సరిగ్గా పడలేదని జనం పేచీ పెడతారు. అలా అలవాటైన చెయ్యి, ఈసారి తొందరలో కొత్త ముఖం పూర్తికాగానే తన పని తాను కానిచ్చేసింది. నేను చూసుకోనేలేదు. అవ్వకు గీసిన ఒకే ఒక్క బొమ్మలో, ఆమె ఎన్నో ఏళ్ళ కిందట తుడిచేసుకున్న బొట్టును మళ్ళీ పెట్టాను. అది చూసి ఆమె మనసు నొచ్చుకుంటే, ఇంకెప్పుడూ నా ముందు కూర్చోదు. ఆ బొమ్మను కూడా ఇంట్లో ఉంచనివ్వదు.

ఆమె చూడకముందే చెరిపేయాలని ఎండలో ఇంటికి పరుగెత్తాను. చెప్పు తెగితే చేత్తో పట్టుకుని మరీ పరుగెత్తాను. లోపలికి పోయేసరికి నాయన కంప్యూటర్ పెట్టి, బొమ్మ తెరిచి, అవ్వను దాని ముందు కూర్చోబెట్టేశాడు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గుమ్మంలో నిలబడిపోయింది. నాయన తెరను వదిలేసి ఫ్యాను వైపు చూస్తున్నాడు. ఆ ఫ్యాను చెడిపోయి ఎన్నాళ్ళో అయింది.

"ఇది ఎవురు పెట్టమన్న్యారు?" అంది అవ్వ, నా వైపు తిరక్కుండానే.

"ఎవరూ లేదవ్వా. చెయ్యి పెట్టేసింది. ఇప్పుడే తీసేస్తా, నిమిషం పని." నేను పెన్ను అందుకున్నాను.

"ఆ డ్రైవరు చూసినాడా?"

"చూశాడు. రాజముద్ర అనుకున్నాడు."

అవ్వ కళ్ళద్దాలు తీసింది. అయిపోయింది నా పని అనుకున్నాను. కానీ ఆమె వాటిని కొంగుతో తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, ముక్కు తెరకు తగిలేంత దగ్గరికి వంగింది. ఆ తర్వాత వేలు ఎత్తి తెర మీద ఆనించింది.

"ఇంత పైన పెట్టుకుంటారామే ఎవురన్నా? నేను పెట్టుకునేది ఈడ. కనుబొమ్మల నడుమ. ఇంత పెద్దది గూడ కాదు."

కంప్యూటర్ బొమ్మలో ఒక్కొక్కటీ విడివిడి పొర మీద ఉంటుంది, దేన్నైనా చెరపకుండానే జరపవచ్చు. బొట్టును చిన్నది చేసి, కిందికి జరిపాను.

"ఇంగ రవ్వంత," అంది అవ్వ. జరిపాను. "ఎడమకు. ఆఁ. ఆడ."

అప్పుడు నాయన ఫ్యాను మీదినుంచి చూపు దించి తెర వైపు చూశాడు. తాత పోయేనాటికి ఆయనకు ఇంకా నడక రాలేదు. తల్లి ముఖాన బొట్టు చూడటం ఆయనకు అదే మొదటిసారి. ఇంకో కుర్చీ లాక్కుని అవ్వ పక్కన కూర్చున్నాడు.