గోల చేసే కాఫీ మిషను

మా ఇంటి వసారాలో నేను కోసిన కోతలకు సగం బలం మా ఆవిడ పెట్టిన కాఫీది. గోదావరికి వరదొచ్చినప్పుడు ప్రాణభయంతో కొబ్బరిచెట్టు ఎక్కాననీ, చెట్టు వేళ్లతో సహా లేచి కొట్టుకుపోయి బండారులంక దగ్గర ఆగిందనీ, అక్కడి నేతగాళ్లు నన్ను కిందికి దింపే ముందు బేరమాడి ఓ పంచె అంటగట్టారనీ చెప్పేవాణ్ణి. వచ్చినవాళ్లు "ఆయ్, ఆయ్" అంటూ వినేవారు. నమ్మేవారు కాదు, అలాగని లేచేవారూ కాదు. రెండో కాఫీ వస్తుందని వాళ్లకు తెలుసు. సరిగ్గా పంచె ఖరీదు చెప్పబోయే వేళకు మా ఆవిడ గ్లాసులు పట్టుకుని గుమ్మంలోకి వచ్చేది.

"కిందటిసారి చీరన్నారు," అనేది.

అమలాపురంలో సెల్‌ఫోన్లు కొత్తగా కనిపిస్తున్న రోజుల్లో ఆవిడ పోయింది. జ్వరం, కాకినాడ ఆసుపత్రి, అంతే. దాని గురించి నా దగ్గర కథేమీ లేదు.

కర్మ అయ్యేదాకా పక్కింటివాళ్లు ఫ్లాస్కులతో కాఫీ పంపారు. అయ్యాక ఫ్లాస్కులు పట్టుకెళ్లారు. వాళ్లనేం అంటాం, ఫ్లాస్కులు వాళ్లవి. నాకు ఏడుపు రాలేదు. వేళకు ఆకలి వేసేది, వేళకు నిద్ర పట్టేది. తిన్నదీ తాగిందీ మాత్రం అన్నీ ఒక్కలాగే ఉండేవి. కాఫీ వేడిగా ఉండేది, పెరుగన్నం చల్లగా ఉండేది. అంతకుమించి నాలుకకు ఏమీ తెలిసేది కాదు. అదేమంత చెప్పుకోవలసిన విషయంగా నాకు తోచలేదు. ఎవరికీ చెప్పలేదు.

మాకు పిల్లల్లేరు. ద్రాక్షారామంలో ఉండే మా అక్క, కర్మ అయిన మర్నాడు వసారాలో బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"ఒరేయ్, తోట కౌలుకిచ్చేసి, ఇంటికి తాళమేసి మా ఇంటికొచ్చెయ్."

"ఎందుకక్కా?"

"ఎందుకేంట్రా? గుమ్మంలోకొచ్చినోళ్లకి గుక్కెడు కాఫీ ఇవ్వలేని కొంప కూడా ఓ కొంపేనా? నీకు పాలగిన్నె దింపడం కూడా రాదు."

"నేర్చుకుంటాను."

"సరే, నెల్రోజులు చూస్తాను. కాఫీ పెట్టడం వచ్చిందా, నీ ఇంట్లో నువ్వుండు. రాలేదా, మారుమాట్లాడకుండా బస్సెక్కాలి."

వెళ్లడం నాకిష్టం లేదు. ఆ ఇంట్లో ఉండటం బాగుందని కాదు. బట్టలు సర్దడం, తాళం వెయ్యడం, బస్సు కోసం నిలబడటం, ఇవన్నీ మరీ పెద్ద పనుల్లా కనిపించాయి.

మా ఆవిడ ఫిల్టరుతో తంటాలు పడ్డాను. ఒకరోజు డికాషను ఎంతకీ దిగేది కాదు. మర్నాడు పోసిన నీళ్లు పోసినట్టే జారిపోయేవి. పాలు ఎప్పుడూ నా కళ్లముందే పొంగేవి. చూస్తూ ఉండేవాణ్ణి.

ఇలా ఉండగా అక్క ఫోన్ చేసింది. "పొద్దున్నేం తాగేవురా?"

"కాఫీ అక్కా. మిషను కొన్నాను. పెళ్లిళ్లలో బుస్సుమని నురగ కాఫీ పోస్తారు చూడూ, ఎస్‌ప్రెస్సో, అదే. ఇంట్లోకి సరిపడా చిన్నది. ఒక మీట నొక్కితే కాఫీ వస్తుంది, ఇంకోటి నొక్కితే గ్లాసు అదే కడుక్కుంటుంది."

అలవాటైన నోరు. నేను ఆపేలోపే అనేసింది.

"అలాగా! అయితే ఆదివారం మీ బావగారూ నేనూ వస్తాం. ఆ కాఫీయేదో మాకూ ఇద్దువుగాని."

ఇక కొనక తప్పలేదు. ముందు పెళ్లిళ్లకు వంటలు చేయించే ఆయన దగ్గరికి వెళ్లాను. షెడ్డులో ఒక పాత మిషను ఉంది. నా నడుమెత్తు స్టీలు పెట్టె. అమ్ముతారా అని అడిగితే ఆయన నన్ను జాలిగా చూశాడు.

"ఇంటికి ఇదేం చేసుకుంటారండీ? దీనికి గ్యాసుబండ కావాలి. బండ దగ్గరో మనిషి కావాలి. మళ్లీ ఆ మనిషికి కాఫీ కావాలండీ."

అక్కణ్ణించి అమలాపురంలో మిక్సీలు, గ్రైండర్లు అమ్మే కొట్టుకి వెళ్లాను. కొట్టాయన మూడు రకాలు తీసి బల్లమీద పెట్టాడు. ఒకటి అల్యూమినియం కూజా. కింద నీళ్లు, నడుమ పొడి, పొయ్యి మీద పెడితే డికాషను పైకెక్కుతుంది. అన్నిటికన్నా చవక.

"కాకపోతే పొయ్యి మీద పెట్టి మర్చిపోకూడదండీ. లోపల రబ్బరు కాలిపోద్ది. మీకు మతిమరుపేం లేదు కదండీ?"

"ఈమధ్య ఉందండి," అన్నాను. దాన్ని పక్కన పెట్టాడు.

మిగతా రెండూ కరెంటువి. పెద్దదానికి లోపల పంపు ఉంటుంది. ఖరీదు విన్నాక, మా కొబ్బరితోటలో ఒక దింపుకి దిగిన కాయంతా అమ్మి దానికే పోయాలని అర్థమైంది. చిన్నది ఉత్త ఆవిరితో నడుస్తుంది. నీళ్లు పోసి మూత బిగిస్తే గాజు జగ్గులోకి డికాషను దిగుతుంది. పక్కనున్న గొట్టం పాలలో ముంచి మర తిప్పితే నురగ వస్తుంది. ఖరీదు నాకు అందేలాగే ఉంది.

"తాగి చూడండి. తేడా మీకే తెలుస్తది," అని కొట్టాయన రెండింటిలోనూ కాఫీ చేసి రెండు కప్పులు నా ముందు పెట్టాడు.

అది తాగాను. ఇది తాగాను. రెండూ వేడిగా ఉన్నాయి. ఆయన నా మొహం వంకే చూస్తుంటే, రుచి తెలిసిన పెద్దమనిషిలా కళ్లు మూసుకుని మళ్లీ ఒక గుక్క పుక్కిలించి మింగాను.

"ఏది బావుందండీ?"

"మీరు చెప్పండి. రోజూ చేసి చూపించే మనిషి. మీకేది నచ్చుద్ది?"

"నాకు టీ అలవాటండీ," అన్నాడాయన.

సాయం దొరకలేదు. అప్పుడాయన నురగ చూపిస్తానని చిన్నదాని గొట్టం పాలలో ముంచాడు. అది ఒక్కసారిగా కీచుమని అరిచింది. ఫ్యాన్లు బేరమాడుతున్నవాళ్లు వెనక్కి తిరిగి చూశారు.

"దీంతో ఇదొక్కటే ఇబ్బందండీ. గోల చేస్తది. పెద్దదానికి ఇంత ఉండదు."

"ఇంకోసారి పెట్టండి."

పెట్టాడు. మళ్లీ అరిచింది. పొద్దున్నపూట మా వంటింట్లోంచి చప్పుడు విని చాలా రోజులైంది. అదాయనకు చెప్పే సంగతి కాదు.

"ఇదే కట్టెయ్యండి."

"దేనికండీ, రేటుకా?"

"గోలకి."

ఆయన చికోరీ తక్కువున్న పొడి వాడమని చెప్పి, అట్టపెట్టెకు పురికొస చుట్టి ఇచ్చాడు.

ఆదివారం దాకా చేస్తూనే ఉన్నాను. నీళ్లు గీత దాకా పొయ్యడం, పొడి నొక్కీ నొక్కనట్టు నొక్కడం, గొట్టాన్ని పాలలో మరీ లోతుకి ముంచకపోవడం పట్టుబడ్డాయి. రంగు కుదిరింది, నురగ కుదిరింది. కంటికి కనిపించేవన్నీ కుదిరాయి.

ఆదివారం అక్కా బావగారూ వచ్చి వంటింట్లోనే పీటలు వేసుకుని కూర్చున్నారు. కరెంటు కూడా పోలేదు. మిషను కీచుమంటే అక్క చెవులు మూసుకుంది. మూడు గ్లాసుల్లో పోసి ఇద్దరికీ ఇచ్చి, నాది నేను తీసుకున్నాను.

బావగారికి షుగరు. ఒక గుక్క తాగి ఆయన మొహం విప్పారింది. "ఏమోయ్ బామ్మర్దీ! నా సంగతి గుర్తుపెట్టుకుని కాఫీ ఇచ్చేవు! మీ అక్కెప్పుడూ నా గ్లాసేదో మర్చిపోద్దోయ్."

నాకు అర్థం కాలేదు. నవ్వాను.

అక్క ఒక గుక్క తాగి ఆగింది. బావగారి గ్లాసు చూసింది, నా గ్లాసు చూసింది.

"నువ్వు తాగు."

తాగాను.

"అంతా తాగు."

గ్లాసు ఖాళీ చేశాను.

"ఎలా ఉంది?"

"అదిరింది కదక్కా! తీపే ఓ పిసరు ఎక్కువైందేమో. నీకు సరిపోయిందా?"

బావగారి గ్లాసు గాలిలో ఆగిపోయింది. అక్క లేచి, అలమరలోంచి పంచదార డబ్బా తీసింది. మూత బిగుసుకుపోయి ఉంది. పీట అంచుకేసి కొట్టి తీసి, జగ్గులో మిగిలిన కాఫీ నా గ్లాసులో పోసి, రెండు చెంచాలు వేసి కలిపి ఇచ్చింది.

"ఇప్పుడు తాగు. ఇందాకటికీ దీనికీ తేడా చెప్పు."

తాగాను. అక్క మొహం వంక చూశాను. అందులో నాకేమీ దొరకలేదు. ఏదో ఒకటి చెప్పెయ్యచ్చు. నోరు తెరిచాను కూడా.

"తెలీటం లేదక్కా," అన్నాను.

"ఎన్నాళ్ల నుంచిరా?"

"అప్పట్నించీ."

అక్క తన గ్లాసులో చేదు కాఫీ చివరిదాకా తాగేసింది.

"కాఫీకేం, బ్రహ్మాండంగా ఉంది. బట్టలు సర్దుకో."

బావగారు నా పక్షం వచ్చారు. "అదేంటే! కాఫీ పెడితే ఉండనిస్తానన్నావు కదా?"

"పెట్టడం వచ్చిందండీ వీడికి. నేనడిగింది అదే. తాగితే రుచి తెలుస్తోందా అని అడగలేదు, నాదే తెలివితక్కువ." నావైపు తిరిగింది. "లే. ఆ మిషను కూడా తే."

నేను సంచీలో నాలుగు లుంగీలూ చొక్కాలూ పెట్టుకుని వచ్చేసరికి అట్టపెట్టె తెరిచి ఉంది. మిషను మూత మీద అక్క అరచెయ్యి ఆనించి చూస్తోంది.

"కాలిపోతోంది. ఇలా పెట్టెలో పెట్టకూడదు, చల్లారనీ," అంది.

మళ్లీ ముగ్గురం పీటల మీద కూర్చున్నాం. కాసేపటికి బావగారు చెయ్యి పెట్టి చూసి తల అడ్డంగా ఊపారు. ఇంకాసేపు కూర్చున్నాం.