నీళ్ళు పండాలంటాడు అసన్‌కుల్

రంగుచేపల కొట్టు పెట్టుకుని చేపలమ్మనివాడు నరీన్ బజారంతటికీ అసన్‌కుల్ ఒక్కడే. కొత్త తొట్టి అన్నారో, "నీళ్ళు పండాయా?" అంటాడు. పండలేదంటే చేప మాట అటుంచి, తోక కూడా చూపించడు. పెళ్ళికానుకకని వచ్చిన ఒకాయన్ని, "పెళ్ళి నెల వాయిదా వేయండి" అని పంపేశాడు.

పిల్లల ఆస్పత్రి నర్సు బుర్మాకన్‌కి ఈ సంగతి తెలియదు. వార్డులోకి కొత్త గాజుతొట్టి వచ్చింది, వసంతంలో వచ్చే నూరుజ్ పండుగకి పెద్ద డాక్టరు చూస్తానన్నాడు. ఆరు చేపలు పట్టుకుపోదామని వచ్చింది.

"నీళ్ళు పండడానికి నెల పడుతుంది చెల్లెమ్మా."

"పండుగ వచ్చే వారమే అన్నా."

"చేపలకి పండుగేం తెలుసు? వాటి మురికే వాటికి విషం. దాన్ని విరిచేసే సూక్ష్మజీవులు ముందు కాపురానికి రావాలి. నీళ్ళు ఇరవై ఏడు డిగ్రీలుంటే చకచకా పెరుగుతాయి. చలేస్తే ముడుచుక్కూర్చుంటాయి."

"కంటికి కనబడనివాటి కోసం నేను తిట్లు తినాలా?"

"తిను. తిట్లకి ఎవరూ చావరు."

"అవి ఇందులో ఉన్నాయి, నీ తొట్టిలో వెయ్యి" అని తన పాత తొట్టిలోని మురికి స్పాంజి ఒకటి చేతిలో పెట్టాడు. మర్నాటినుంచి రోజూ పొద్దున్నే తనే వార్డుకొచ్చి, ఆ సూక్ష్మజీవులకని చిటికెడు మేత వేసి, నీళ్ళ వేడి చూసి పోయేవాడు.

పండుగనాడు పెద్ద డాక్టరు ఉత్త నీళ్ళ ముందు నిలబడి, "వేడినీళ్ళు పెంచుతున్నావా?" అన్నాడు. బుర్మాకన్ తల కొట్టేసినట్టయింది.

ఆ కోపంతోనే మర్నాడు థర్మామీటరు తీసుకుని వార్డులోకెళ్ళింది. అదంటే మంచం కింద దూరే ఏడేళ్ళ నుర్జమాల్ అప్పటికే చెయ్యెత్తి కూర్చుంది.

"ఏమిటే ఇవాళ ఇంత బుద్ధి?"

"నా జ్వరం చూపిస్తేనే తొట్టి జ్వరం చూడనిస్తానన్నాడు చేపల తాత. నిన్న నాది ముప్పై ఎనిమిది, దానిది ఇరవై అయిదు. నాది తగ్గాలి, దానిది పెరగాలి."

పక్క మంచాలవాళ్ళు కూడా వరస కట్టేశారు.

మధ్యాహ్నం బుర్మాకన్ కొట్టుకెళ్ళింది. "ఇదంతా పిల్లల కోసమని ముందే చెప్పచ్చుగా అన్నా?"

అసన్‌కుల్ గాజు తుడుస్తూ, "జ్వరంతో పడుకున్న పిల్లల ముందు ఏ చేపా వెల్లకిలా తేలకూడదు. అంతే. ఇందులో చెప్పేదేముంది?" అన్నాడు.

నెల దాటాక చేపలొచ్చాయి. ఆరూ బతికాయి. అన్నిటికంటే లావుగా ఉండి, మిగతావాటిని మూలకి తరిమే చేపకి పిల్లలు బుర్మాకన్ అని పేరు పెట్టారు. ఆమె కోప్పడబోయి, కాసేపు దాన్నే చూసి, అందంగానే ఉందనుకుని ఊరుకుంది.