నా కొడుక్కి నేనే కఫీల్

సౌదీలోని హఫర్ అల్ బాతిన్‌లో గల్ఫ్ యుద్ధం ఎలా ఉండేదని ఇప్పటికీ ఎవరైనా అడిగితే నాకు ముందు ఆవులింత వస్తుంది. ఆ తర్వాత కోతలు వస్తాయి. ట్యాంకుల వరుస ఎంత పొడవంటే, ముందున్న ట్యాంకు కువైట్ సరిహద్దులో టీ తాగేసి గ్లాసు కడుగుతుంటే, చివరిది మా వీధి మలుపులో ఇంకా పళ్ళు తోముకుంటూ ఉండేది. ఇసుక ఎంతంటే, పప్పులో ఉప్పు మరిచిపోయినా ఎవరూ కనిపెట్టలేకపోయేవారు.

నేను అక్కడ నీళ్ళ ప్లాంటులో ఇంజనీరుని. పెళ్ళాం బిడ్డలతో ఊరొదిలి పోదామని కఫీల్ దగ్గరకు వెళ్ళాను. కఫీల్ అంటే మనకు వీసా ఇచ్చి, మన పాస్‌పోర్టు బీరువాలో పెట్టుకుని, ఆ బీరువా తాళంచెవి జేబులో వేసుకునే ఆసామి. ఆయన సంతకం లేనిదే దేశం దాటలేం. "బుక్రా, ఇన్‌షా అల్లా" అన్నాడు. రేపు, దేవుడు తలిస్తే. ఆ రేపు యుద్ధం అయిపోయాక తీరిగ్గా వచ్చింది.

అంతవరకూ మా ఆవిడా, నేనూ, మా వాడూ కిటికీలకు టేపులంటించుకుని కూర్చున్నాం. మా వాడికి అప్పుడు ఎనిమిదేళ్ళు. టేపు మూల చింపి ఆ కంతలోంచి మిలిటరీ లారీలను చూసేవాడు. ఒక సిపాయి వాడికి మట్టిరంగు ప్యాకెట్టులో బిస్కెట్లిచ్చాడు. గోడకేసి కొడితే గోడే విరిగే రకం. వాడు వాటిని తిరుపతి లడ్డూ కంటే భక్తిగా నెలల తరబడి కొరుక్కుతిన్నాడు.

వాడు పన్నెండో తరగతికి వచ్చిన ఏడు, మన సరిహద్దు కొండల మీద జరిగిన యుద్ధాన్ని పిల్లలంతా డిష్ టీవీలో చూశారు. మర్నాటికి ఊళ్ళో ఉన్న భారతీయ మగపిల్లలందరి తలలూ సిపాయి క్రాఫుతో కొబ్బరికాయల్లా నున్నగా అయిపోయాయి. సరిగ్గా అదను చూసుకున్నట్టు, రిటైరైన సైనికాధికారి ఒకాయన బావమరిదిని చూడ్డానికి మా ఊరొచ్చాడు. పెద్ద తరగతుల పిల్లలకు సైనిక అకాడమీ గురించి చెబుతానన్నాడు. రానివ్వాలా వద్దా అని మా ఇండియన్ స్కూలు తండ్రులమంతా సమావేశమయ్యాం.

"ఇంజనీరింగ్ కోచింగ్ వాళ్ళు వచ్చి బ్రోచర్లు పంచితే సమోసాలు పెట్టి మరీ రానిచ్చాం గదా! ఈయనేం పాపం చేశాడంట?" అన్నాడు నెల్లూరి డాక్టరు.

హైదరాబాదు నుంచి వచ్చి ఇక్కడ బట్టల దుకాణం నడుపుతున్న భాయ్ లేచాడు. "అరే డాక్టర్ సాబ్, కోచింగోడు మహా అంటే నిద్ర చెడగొడ్తడు. ఈయన బందూక్ పట్టమంటడు. పదహారేండ్ల పోరనికి కారు తాళం ఇస్తమా మనం? ఇయ్యం. మరి బందూక్ మాటెందుకు?"

"వినంగానే చేరిపోతారా ఏందబ్బా?"

"మీ పిలగాడు చేరడు లెండి. బొద్దింకను చూస్తే బెంచీ ఎక్కుతడంట. మావోళ్ళతోనే పరేషాన్."

ఈ మాట మీద వాదన మూడు ప్రపంచ యుద్ధాలంత సాగింది. నమాజు పిలుపు వినిపించి భాయ్ లేచాడు గానీ, లేకపోతే ఇవాళ్టికీ అక్కడే ఉండేవాళ్ళం. చివరికి తండ్రులు వెనక బెంచీల్లో కూర్చునే షరతు మీద రానిద్దామన్నారు. నేనూ చెయ్యెత్తాను. ఎత్తకపోతే మళ్ళీ సమావేశం పెడతారు. అంత ఓపిక నాకు లేదు.

తల్లుల సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. వచ్చినా చేసేదేమీ లేదు. అది మగపిల్లల విభాగం. ఆడవాళ్ళు గేటు దాటడానికి లేదు. మా ఆవిడ ఒళ్ళంతా కప్పే నల్ల అబాయా వేసుకుని, స్కూలు బయట మా కారులో ఏసీ ముందు కూర్చుంది.

ఆ అధికారి చాలా బాగా మాట్లాడాడు. అదే వచ్చిన చిక్కు. సొరకాయలు కోస్తే నా వృత్తి కాబట్టి పట్టుకునేవాణ్ణి. ఆయన ఒక్కటీ కొయ్యలేదు. మంచులో కాపలా గురించి, పోయిన స్నేహితుడి గురించి గొంతు పెంచకుండా చెప్పాడు. నా పొట్ట నాకంటే ఒక గది ముందు నడుస్తుందా, అయినా ఆ పూట నన్ను రమ్మంటే వెళ్ళిపోయేవాణ్ణి. చివర్న మా వాడు లేచి నిలబడి, "పరీక్ష ఎప్పుడు సార్?" అని అడిగాడు. నా పక్కన కూర్చున్న భాయ్ నా మోకాలి మీద చెయ్యి వేశాడు.

కారులో మా ఆవిడకు చెప్పాను. అద్దంలోంచి గేటు వైపు చూసింది.

"పిల్లాణ్ణి అడగడానికి బడిదాకా వచ్చిన పెద్దమనిషి, నన్నడగడానికి కారుదాకా రాలేకపోయాడా అండీ?"

గేరు మార్చాను.

పరీక్ష హైదరాబాదులో. అంటే వాడికి ఎగ్జిట్ రీఎంట్రీ వేయించాలి, దేశం దాటి వెళ్ళి తిరిగి రావడానికి ఇచ్చే ముద్ర. ఇక్కడుంది తమాషా. నాకు కఫీల్ కంపెనీవాడు. కానీ నా వీసా మీద వచ్చిన భార్యకీ బిడ్డకీ కఫీల్‌ని నేను. నేను సంతకం పెడితేనే వాడు కదులుతాడు. వద్దని మొహం మీద చెప్పే ధైర్యం లేక, నాకు బాగా వచ్చిన కోతల విద్యనే నమ్ముకున్నాను. కాగితాల పనులు చూసే మందూబ్‌కి ముందు జ్వరం తెప్పించాను. ఆ తర్వాత అతనికి రెండో పెళ్ళి చేశాను. అదీ చాలక అతని ఒంటెకు కాలు విరగ్గొట్టాను. మా వాడు ప్రతిసారీ "సరే నాన్నా" అని పుస్తకం తెరుచుకునేవాడు.

ఒకరోజు మధ్యాహ్నం అన్నం పెడుతూ మా ఆవిడ గరిటె ఆపింది.

"ఇవాళ ఏమైంది మందూబ్‌కి?"

"రేపు చూద్దామన్నాడు."

"బుక్రానా?" అంది. "యుద్ధంలో మీ కఫీల్ దగ్గర్నుంచి వచ్చి ఇదే మాట చెప్పారు. ఆ రాత్రి ఆయన్ని ఎన్ని తిట్లు తిట్టారో గుర్తుందా?"

"నీకు వాడు వెళ్ళడం ఇష్టమా ఏమిటి?"

"ఛస్తే ఇష్టం లేదు. వాడితోనే చెబుతాను, రోజూ చెబుతాను, ఏడుస్తాను కూడా. తలుపుకి తాళం వేసి మాత్రం చెప్పను. ముందు మీరు ఆ ముద్ర వేయించండి."

మర్నాడు వాణ్ణి వెంటబెట్టుకుని పాస్‌పోర్టుల ఆఫీసుకి వెళ్ళాను. క్యూ సూర్యుడి దాకా ఉంది. మేము సూర్యుడి వెనకాల నిలబడ్డాం. కౌంటరులో యూనిఫారం వేసుకున్న సౌదీ కుర్రాడు, మీసాలు ఇంకా తడుముకుంటున్న వయసు.

"చదువుకా?" అన్నాడు అరబ్బీలో.

నేను నోరు తెరిచేలోపు మా వాడు బళ్ళో నేర్చిన అరబ్బీతో, "సైన్యానికి" అన్నాడు.

ఆ కుర్రాడు మా వాణ్ణి పైనుంచి కిందకి చూశాడు. "నేనూ ట్యాంకెక్కుదామనే చేరాను తమ్ముడూ. ఇదిగో, ఎక్కించారు" అని తను కూర్చున్న గిర్రున తిరిగే ఆఫీసు కుర్చీ చేతిని తట్టాడు. నవ్వలేదు. ముద్ర గుద్ది, తర్వాతి మనిషిని పిలిచాడు.

కారు పెద్ద రోడ్డెక్కాక మా వాడు నా వైపు తిరిగాడు.

"నాన్నా, నాకూ కుర్చీయే ఇస్తే?"

"ఇస్తే కూర్చోవాలి."

"మంచులోకి పంపితే?"

"పంపితే వెళ్ళాలి. రెండూ వాళ్ళిష్టం, నీది కాదు. ఆ పెద్దమనిషి ఈ ముక్క చెప్పలేదు."

వాడు ఆలోచించాడు. "అయినా రాస్తాను."

"రాయి."

"పాసైతే అమ్మ...?"

"అమ్మ నీతోనే చెబుతానంది. విను. పూర్తిగా విను. ఆ తర్వాత నీ ఇష్టం."

సిగ్నల్ దగ్గర ఒంటెల లారీ ఒకటి మా ముందు ఆగింది. పచ్చదీపం వెలిగినా కదల్లేదు. వెనకనుంచి కార్లన్నీ మోతెక్కించేస్తున్నాయి. నేను మాత్రం హారన్ కొట్టలేదు.