మరిది కారు కింద నా చక్రం

"వదినా, ఈ పొద్దొక్కటి వదిలెయ్. నీ కాళ్ళు పట్టుకుంటా."

"కాళ్ళు యాడికి పోతాయిరా, ముందు ఆ జాకీ పట్టుకో."

నాకూ నా మరిదికీ మధ్య నడిచిన చివరి మాటలివి. ఆ తర్వాత వాడు నాతో మాట్లాడలేదు, నేనూ పలకరించలేదు. ఒకే ఊళ్ళో ఉన్నాం, ఒకే మార్కెట్లో కూరగాయలు కొంటున్నాం. ఎదురైతే నేను తల దించను, వాడే పక్క సందులోకి తిరుగుతాడు. నేను చెబుతుంటే ఇది రాస్తున్నది మా అక్క కోడలు. చిత్తూరు పిల్ల, తెలుగు రాయడం వచ్చు. మా పుదుచ్చేరి ఇళ్ళలో తెలుగు నోటికే గాని చేతికి రాదు.

సునామీ వచ్చిపోయిన మరుసటి ఏడు నా మొగుడు పోయాడు. నాకు మిగిలింది ఆయన బాడుగకు తిప్పిన పెద్ద కారు ఒక్కటే. మదరాసు విమానాశ్రయం నుంచి తెల్లవాళ్ళను తెచ్చే బండి. ఒక డ్రైవరును పెట్టుకుని నడిపించాను. నెల్లితోపులో నా పొయ్యి వెలిగేది ఆ బండి తిరిగితేనే.

మరిదికి తట్టాంచావడిలో వర్క్‌షాపు. వాడికీ అదే రకం కారు ఉంది. అయినా అన్న పోయిన నాటి నుంచి వాడి కన్ను నా బండి మీదే. "బండి నాకిచ్చెయ్ వదినా, చుమ్మా, ఊరికే నీకెందుకీ తలనొప్పి? మా పిల్లోళ్ళని చూసుకుంటా మా ఇంట్లోనే ఉందువు" అనేవాడు. చూసుకోవడమంటే ఏమిటో నాకు తెలియదా? వాడి పెళ్ళాం తిన్న కంచం కడగడం.

ఒకసారి తిరువణ్ణామలై పోవాలని నా బండి అడిగాడు. సొంత కారు రిపేరులో ఉందన్నాడు. అన్న పాడె మోసినవాడు కదా అని ఇచ్చాను. తిరిగొచ్చిన నాటి నుంచి మీటర్ల పక్కన పసుప్పచ్చ లైటు వెలగడం మొదలైంది. కారు బొమ్మ, దాని కింద పాముల్లా రెండు వంకర గీతలు. వాడు చూసి నాలుక చప్పరించాడు.

"ట్రాక్షన్ కంట్రోల్ పోయింది వదినా. దాని మెదడే కాలిపోయింది. ఇంక దీన్ని ఎవుడూ కొనడు. నేనైతే ఏందో ఒకటి ఇచ్చి తీసుకుంటా, మనోళ్ళు కదా."

ఆ లైటు నాకు కొత్త కాదు. ఒకసారి తేంగాయితిట్టు రేవు దగ్గర ఇసుకలో చక్రం జారినప్పుడు అది టపటపా కొట్టుకుంది, గట్టి నేల మీదికి రాగానే ఆరిపోయింది. "నాలుగు చక్రాల్లో ఒకటి మిగతావాటి మాట వినకుండా తిరిగితే ఇది అరుస్తాదే" అని నా మొగుడు అప్పుడు చెప్పాడు. ఇప్పుడు ఇసుక లేదు, వాన లేదు. మరి ఏ చక్రం మాట వినడం లేదు?

డ్రైవరు బండిని వేరే షాపుకు తీసుకుపోయాడు. కంప్యూటరు తగిలించి చూశారు. మెదడు బాగానే ఉంది, కుడివైపు ముందు చక్రం లెక్కే తేడాగా వస్తోందన్నారు. చక్రం దగ్గరుండే సెన్సరు విప్పి మట్టి తుడిచారు, వైరు చూశారు, లైటు ఆర్పి పంపారు. ఇల్లు చేరేలోపు మళ్ళీ వెలిగింది.

"సెన్సరు బాగుందంటారక్కా. ఇంకేం చూసేది?" అన్నాడు డ్రైవరు.

"చక్రాన్నే చూద్దాం పా."

మాది సేద్యం చేసిన ఇల్లు. ఎద్దుల బండి ఒక పక్కకు లాగుతుంటే మా నాయన రెండు చక్రాలకూ తడి సున్నం పెట్టి నడిపించేవాడు. నేల మీద పడిన మచ్చల మధ్య ఎడం చూస్తే ఏ చక్రం అరిగిందో తెలిసేది. నేను వక్కాకు డబ్బీలోని సున్నం తీసి నాలుగు టైర్లకూ తలా ఒక బొట్టు పెట్టాను. డ్రైవరు స్టీరింగు పట్టుకున్నాడు, వీధిలోవాళ్ళు నెట్టారు.

"ఏందే, కారుకి తాంబూలం ఇస్తా ఉండావా?" అని ఎదురింటి పెద్దామె నవ్వింది.

మూడు చక్రాల మచ్చలు ఒకే ఎడంతో పడ్డాయి. కుడివైపు ముందుది మాత్రం పొట్టి అంగలు వేసింది. చిన్న సైజు టైరు. చిన్నది కాబట్టి ఎక్కువసార్లు తిరుగుతోంది, అది జారుతోందనుకుని లైటు అరుస్తోంది. అంతే జబ్బు. నా మొగుడు తన టైర్లన్నిటికీ కాల్చిన కడ్డీతో వాత పెట్టేవాడు, ఎద్దుకు పెట్టినట్టు. వంగి చూస్తే మూడింటికి వాత ఉంది, ఆ పొట్టిదానికి లేదు. తిరువణ్ణామలై పోయినప్పుడే మరిది నా చక్రం ఊడదీసుకుని తనది తగిలించాడు.

నేను పోయి అరవలేదు. అరిస్తే "యాడో మారిపోయింటాది వదినా" అని నవ్వేసేవాడు. వాడి కూతురి నిశ్చితార్థం దాకా ఆగి, నా బండిలోనే పోయి దిగాను. కొత్త వియ్యాలవారంతా మండపం ముందు నిలబడి ఉన్నారు. వాడి కారుకు మల్లెదండలు. నేను నేల మీద మోకాళ్ళూని ముందు చక్రాల లోపలివైపు చెయ్యి పెట్టి తడిమాను. ఒకదానిమీద వాత వేలికి తగిలింది. వాత బయటికి కనపడకుండా టైరును తిప్పి ఎక్కించాడు దొంగ.

"ఇప్పు తంబీ" అన్నాను డ్రైవరుతో.

కాబోయే వియ్యంకుడు దగ్గరికి వచ్చాడు. "ఏందమ్మా సంగతి?"

"ఏముందయ్యా, మీ వియ్యంకుడు చచ్చినోడి చక్రం ఎత్తుకొచ్చి, దాని మీద మిమ్మల్ని ఊరేగిస్తా ఉండాడు."

వాడు నా కాళ్ళ మీదికి వంగింది అప్పుడే. జాకీ పట్టుకోమన్నదీ అప్పుడే. పట్టుకున్నాడు కూడా, పట్టుపంచెతో. నా చక్రం నా బండికి ఎక్కింది. వాడి పొట్టి చక్రాన్ని వాడి ముందు పడేశాను. దాన్ని బిగించుకునే నట్లు మాత్రం కాలువలో పడ్డాయి. పొరపాటున పడలేదు, నేనే విసిరాను. డ్రైవరు తాళం తిప్పాడు. అన్ని లైట్లతోపాటు ఆ పసుప్పచ్చదీ వెలిగి ఆరింది. ఇల్లు చేరేదాకా మళ్ళీ వెలగలేదు.

పిల్ల పెళ్ళి ఆగలేదు, ఆగాలని నేనూ కోరలేదు. కానీ ఆ వియ్యంకుడు ఈనాటికీ వాడింటికి వచ్చినప్పుడల్లా, లోపలినుంచి బయటికి రాగానే ముందు తన కారు చక్రాలు చూసుకుంటాడట. అది విన్న రోజు నేను రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను.

వాడికిప్పుడు షుగరు, కాలు పుండుపడింది, పోయి చూసి రమ్మంటారు చుట్టాలు. పోను. నన్ను ఎంగిలి కంచాల దగ్గర కూర్చోబెట్టాలనుకున్నవాడు.

అమ్మాయీ, నువ్వు మెత్తని మనిషివి. నేను దొంగ అన్నచోట ఇంకేదైనా మంచి మాట పెట్టావేమో, నాకు అనుమానంగా ఉంది. మొదటినుంచి చదివి వినిపించు. గట్టిగా చదువు.